ముందు నెల తేల్చుకో, తర్వాత తీరం

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. దసరా సెలవులకో సంక్రాంతి సెలవులకో పిల్లలకు సముద్రం చూపించాలనుకుంటున్నామని, అల్లుడు గోవా అంటున్నాడని, మీ అత్తగారు విశాఖపట్నం అంటున్నారని, నీకేమో కోవళం మీద మనసుందని రాశావు. ఊరు ముందు ఖాయం చేసుకుని తేదీలు తర్వాత చూసుకోవడం మనవాళ్లలో చాలామందికి అలవాటు. సముద్రం దగ్గర ఆ వరస పనికిరాదు. ఏ నెలలో బయలుదేరుతున్నారో ముందు తేల్చుకోండి. ఏ ఒడ్డుకన్నది దాంతోనే సగం తేలిపోతుంది. ఓడరేవు ఉద్యోగంలో కొంతకాలం తూర్పున, కొంతకాలం పడమట కాపురం ఉన్నవాణ్ని కనుక ఈ మాట నీకు గట్టిగా చెబుతున్నాను.

మనకు రెండు పక్కలా ఉన్న సముద్రాలు ఒకే కాలంలో ఒకే తీరుగా ఉండవు. జూన్ మొదలు సెప్టెంబరు దాకా నైరుతి గాలి అరేబియా సముద్రం మీదుగా వచ్చి పడమటి ఒడ్డును నేరుగా కొడుతుంది. ఆ నాలుగు నెలలూ గోవా అయినా, కార్వార్ అయినా, కోవళం అయినా దూరం నుంచి చూడటానికి బ్రహ్మాండంగా ఉంటాయి గానీ నీళ్లలోకి దిగే కాలం కాదు. ఎక్కడ చూసినా ఎర్ర జెండాలే. గోవాలో ఇసుక మీద వేసే తాత్కాలిక పాకలు విప్పేస్తారు. ఉడుపి దగ్గర మల్పె నుంచి సెయింట్ మేరీస్ దీవికి తిరిగే పడవలు కూడా ఆగిపోతాయి.

అక్టోబరు వచ్చేసరికి అటు సముద్రం సద్దుమణుగుతుంది, ఇటు బంగాళాఖాతం లేస్తుంది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మన తీరానికి తుపానుల కాలం. హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకింది 2014 అక్టోబరు 12న, ఆ ఏడాది విజయదశమి వెళ్లిన పది రోజుల లోపే. దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. ప్రతి ఏటా అలాగే జరుగుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ తుపాను తీరం దాటకపోయినా, ఎక్కడో నడిసముద్రంలో వాయుగుండం ఉంటే చాలు, రెండు రోజులు గదిలో కూర్చుని కిటికీలోంచి వాన చూడాల్సి వస్తుంది. పిల్లలకు ఆ నిరాశ ఎందుకు?

కాబట్టి దసరాకే వెళ్లేటట్లయితే పడమరే. అందులోనూ ఒక మెలిక ఉంది. పండుగ అక్టోబరు మధ్యకు పడిన ఏడు గోవా, గోకర్ణ బాగుంటాయి. సెప్టెంబరు చివరనే వచ్చిన ఏడు అక్కడ కెరటాల పొగరు ఇంకా తగ్గదు. నీ కోవళం మాత్రం దసరాకు వద్దు. అక్టోబరు, నవంబరు నెలల్లో కేరళకు రెండో విడత వానలు ఉంటాయి. పొద్దున తెరిపిగా ఉన్న ఆకాశం మధ్యాహ్నానికి ఉరుములతో కూలబడుతుంది.

సంక్రాంతి నాటికి రెండు ఒడ్డులూ బాగుంటాయి. చలిగాలి, తేట ఆకాశం, నెమ్మదించిన సముద్రం. అప్పుడు ఎక్కడికి వెళ్లాలన్నది సముద్రం కాదు, రోడ్డు చెబుతుంది. పండుగ వారంలో హైదరాబాదు మొత్తం తూర్పుకే కదులుతుంది. విజయవాడ రహదారి మీద టోల్‌గేట్ల దగ్గర కార్ల బారులు, విశాఖ రైళ్లలో వెయిటింగ్ లిస్టు, ఊళ్లో హోటళ్లకు రెట్టింపు అద్దె. ఆ రద్దీలో మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారిని ఎందుకు తిప్పలు పెట్టాలి? అదే సమయానికి గోవాలో కొత్త సంవత్సరం జనం ఖాళీ అయి ఉంటారు. అందుకని సంక్రాంతికి గోవా వెళ్లమంటాను. మీ అత్తగారి విశాఖను ఫిబ్రవరిలో రెండో శనివారం కలిసొచ్చేలా విడిగా పెట్టుకోండి.

గోవా అనగానే బాగా, కలంగూట్ అని అల్లుడు అంటాడు. కుర్రాళ్ల బృందం వెళ్తే అలాగే వెళ్లమనేవాణ్ని. అక్కడ పాటల హోరు, నీటి స్కూటర్ల పరుగు, సాయంత్రమైతే నిలబడటానికి చోటుండదు. మీకు దక్షిణ గోవా కావాలి. అందులో పాలోలెం. అది నెలవంకలా వంగిన ఒడ్డు, రెండు కొసలా కొండముక్కులు. పెద్ద కెరటం ఆ ముక్కుల దగ్గరే సగం విరిగి లోపలికి వస్తుంది. ఇసుక గట్టిగా, చదునుగా ఉంటుంది కాబట్టి మీ అత్తగారు చెప్పులు చేత పట్టుకుని హాయిగా నడవగలరు. దగ్గరి రైల్వే స్టేషను కాణకోణ. అక్కడ ఆగే రైలు దొరక్కపోతే మడ్గావ్‌లో దిగి కారు మాట్లాడుకోండి.

గోకర్ణ కూడా నాకు చాలా ఇష్టమైన ఊరు. మహాబలేశ్వరుడి గుడి, ఊళ్లో శాకాహార హోటళ్లు మీ అత్తగారికి నచ్చుతాయి. అయితే అందరూ చెప్పే ఓం బీచ్, కుడ్లె బీచ్ కొండ కింద ఉంటాయి, మెట్లు దిగి ఎక్కాలి. కేరళలోని వర్కలలోనూ అంతే, ఒడ్డు పక్కనే నిట్టనిలువు ఎర్రమట్టి కొండ. ఫొటోల్లో ఆ కొండ అందంగా కనిపిస్తుంది, మోకాళ్లకు మాత్రం తెలుస్తుంది. గది మాట్లాడేటప్పుడు ‘బీచ్ ఎంత దూరం’ అని మాత్రమే అడిగి ఊరుకోకు. ఎన్ని మెట్లు దిగాలి, గది కింది అంతస్తులో ఇస్తారా, ఈ రెండూ అడుగు.

ఇక విశాఖపట్నం. మన ఊరని చెప్పడం లేదు, కొండ ఒక పక్క, సముద్రం ఒక పక్క పెట్టుకుని భీమిలి దాకా సాగే ఆ రోడ్డు లాంటిది దేశంలో తక్కువ. పెద్దవాళ్లకు రామకృష్ణా బీచ్ అంత సుఖమైన చోటు ఇంకొకటి లేదు. ఇసుకలోకి దిగక్కర్లేదు, కాలిబాట మీద కూర్చుంటే సముద్రం ఎదురుగానే ఉంటుంది. తెల్లవారుజామునే లేపి తీసుకెళ్లు. నీళ్లలోంచి సూర్యుడు పైకి రావడం తూర్పు ఒడ్డుకున్న భాగ్యం, గోవాలో అది దొరకదు. పిల్లలకు కురుసుర జలాంతర్గామి తప్పకుండా చూపించు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన నౌక అది, ఇప్పుడు ఒడ్డునే ప్రదర్శనశాలగా ఉంది. లోపల గుండ్రటి ఇనుప ద్వారాల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. మీ అత్తగారిని బయటే కూర్చోబెట్టండి.

కానీ రామకృష్ణా బీచ్‌లో స్నానం వద్దు. ఈ మాట దగ్గర నేను మొహమాటపడను. అక్కడ ఒడ్డు నిటారుగా దిగిపోతుంది. మోకాలి లోతులో ఉన్నామనుకున్నవాడికి రెండడుగులు వేసేసరికి నేల అందదు. యారాడ కూడా అంతే, చూడటానికి ఎంత ప్రశాంతంగా ఉన్నా. నీళ్లలో ఆడాలంటే రుషికొండకు వెళ్లండి, అక్కడా కాపలా ఉన్న మేరలోనే.

నీళ్లలోకి దిగే ముందు ఏ ఊళ్లోనైనా పది నిమిషాలు ఒడ్డున నిలబడి చూడు. కెరటాలు తెల్లగా విరుగుతూ వస్తుంటాయి. మధ్యలో ఒకచోట మాత్రం విరగవు. అక్కడ నీళ్లు కాస్త ముదురు రంగులో, నున్నగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. నురగ, ఇసుక, చెత్త అటుగా లోపలికి కొట్టుకుపోతుంటాయి. తెలియనివాళ్లు ‘ఇక్కడ అలలు లేవు, పిల్లలకు మంచిది’ అని సరిగ్గా అక్కడే దింపుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి సముద్రంలోకి పోయే దారి అదే. అందులో పడితే ఈత బాగా వచ్చినవాడు కూడా ఎదురీదలేడు. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకూడదు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఆ పాయ వెడల్పు తక్కువే, దాటితే కెరటాలే మనిషిని ఒడ్డుకు తెస్తాయి. ఈత రానివాళ్లు వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. అల్లుడికి ఈ పేరా చదివి వినిపించు.

ఎరుపు, పసుపు రంగులు కలిసిన జెండాలు రెండు పాతి ఉంటే ఆ రెండింటి మధ్యే స్నానం. ఒంటి ఎర్ర జెండా ఉంటే దిగవద్దు. లైఫ్‌గార్డు ఈల వేస్తే వాదించకుండా బయటికి రండి. పిల్లలకు నీలం, తెలుపు బట్టలు వేయకు, నీళ్లలో కనిపించరు. నారింజ రంగో, మంచి ఎరుపో వేయి. నువ్వు చీరతో, అల్లుడు జీన్స్‌తో దిగవద్దు, తడిస్తే అవి కిందికి లాగుతాయి. పాచి పట్టిన రాళ్ల మీద ఫొటోలు అసలే వద్దు.

ఎప్పుడైనా పూరీ వెళ్తే అక్కడ కోసుటోపీ పెట్టుకుని, చెయ్యి పట్టుకుని స్నానం చేయించే నులియాలను చూస్తావు. వాళ్లలో చాలామంది మన తెలుగు మత్స్యకార కుటుంబాలవాళ్లే, పెంటకోట అనే వాడలో తరాలుగా ఉంటున్నారు. తెలుగులో పలకరించు, ఎంత సంతోషిస్తారో!

దూరాలు కుదరకపోతే బాపట్ల దగ్గరి సూర్యలంక, చీరాల దగ్గరి వాడరేవు ఉండనే ఉన్నాయి, శనివారం వెళ్లి ఆదివారం రాగలవు. మచిలీపట్నం దగ్గరి మంగినపూడిలో లోతు తక్కువే గానీ కృష్ణమ్మ తెచ్చిన నల్ల ఒండ్రు వల్ల నీళ్లు మడ్డిగా ఉంటాయి. కార్తీక పౌర్ణమికి మాత్రం వీటి జోలికి పోవద్దు. జనం విపరీతం, ఆ నెలలో కెరటాలూ విపరీతమే.

మీరిద్దరూ చేపల ప్రియులని తెలుసు కనుక ఇంకొక్క మాట. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. ఆ రోజుల్లో హోటల్లో పెట్టే చందువా, వంజరం చాలావరకు మంచుగడ్డల్లో దాచినవే. జనవరిలో ఆ చింత లేదు, పొద్దున్నే రేవుకు వెళ్లి పడవ దిగిన చేపను చూసి కొనుక్కోవచ్చు.

ఇప్పుడు చేయవలసింది ఇది. సంక్రాంతి సెలవుల తేదీలు బడి నుంచి తెలుసుకో. పాలోలెంలో కింది అంతస్తు గదులు రెండు, పక్కపక్కన ఉన్నవి మాట్లాడు. రైలుకు రిజర్వేషన్ తెరిచిన రోజే టికెట్లు తీసుకోండి, మీ అత్తగారికి కింది బెర్తు. ఖాయం కాగానే నాకు ఫోను చెయ్యి. మడ్గావ్‌లో శాకాహారం ఎక్కడ బాగుంటుందో మీ పెద్దమ్మ చెబుతుంది, ఆ ఊళ్లో తనకు తెలియని వీధి లేదు.

పిల్లలకు ముద్దులు, అల్లుడికి ఆశీస్సులు.

మీ పెదనాన్న