ఇంటరా, పాలిటెక్నిక్కా: మనవరాలికి చిన్నతాతయ్య ఉత్తరం

చిరంజీవి మనవరాలికి, చిన్నతాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం మొన్న అందింది. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయనీ, పాలీసెట్‌లో కూడా ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సీటు ఆశించదగిన ర్యాంకు వచ్చిందనీ చదివి నేనూ మీ చిన్ననాయనమ్మా ఎంతో సంతోషించాం. బీటెక్ చదవాలన్న నిశ్చయం నీకు ఉంది. జూనియర్ కళాశాలలో ఎంపీసీ తీసుకుని వెళ్లాలా, పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి వెళ్లాలా అన్నదే తేలడం లేదని రాశావు. నేను డిప్లొమా చదివి, ఉద్యోగం చేసుకుంటూ ఇంజనీరింగ్ డిగ్రీకి సమానమైన ఏఎంఐఈ పూర్తి చేసి, ఆ తర్వాత పాలిటెక్నిక్‌లోనే ఎలక్ట్రికల్ విభాగంలో పాఠాలు చెప్పినవాణ్ణి. మీ చిన్ననాయనమ్మ జూనియర్ కళాశాలలో ఫిజిక్స్ చెప్పి రిటైరయింది. ఈ రెండు దారులూ మా ఇంట్లో కలిసి కాపురం చేశాయి కనుక నీకు ఒక పక్క మాటే చెప్పే ప్రమాదం లేదు.

ముందుగా మీ అమ్మ భయం సంగతి. డిప్లొమా అంటే ఇంటర్ చదవలేని పిల్లలు చేరేదని ఆమె అనుకుంటున్నట్టు నీ ఉత్తరాన్ని బట్టి తెలుస్తున్నది. కాలం లెక్క చూడు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం ఆరేళ్లు. డిప్లొమా మూడేళ్లు, డిప్లొమా చదివినవాళ్లకు పెట్టే ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరితే మరో మూడేళ్లు, అదీ ఆరేళ్లే. చివరికి చేతికి వచ్చే పట్టా కూడా అదే విశ్వవిద్యాలయానిది. అందువల్ల ఒకటి పొడుగు దారి, ఒకటి అడ్డదారి అన్న మాట మనసులోంచి తీసేయమని మీ అమ్మతో నేనే మాట్లాడతాను. (కొన్ని శాండ్‌విచ్ డిప్లొమాలు, అంటే చదువు మధ్యలో ఫ్యాక్టరీ శిక్షణ కలిపినవి, మూడున్నరేళ్లు ఉంటాయి. వాటిలో చేరితే ఈ లెక్క తప్పుతుంది కనుక కోర్సు పేరు పక్కన కాలపరిమితి చూడకుండా ఆప్షన్ పెట్టవద్దు.)

అసలు తేడా కాలంలో లేదు తల్లీ, ఏ వయసులో నీ ముందున్న తలుపులు మూసుకుంటాయన్న దానిలో ఉంది. ఎంపీసీ తీసుకుంటే ఏ బ్రాంచి చదవాలన్నది పదిహేడేళ్ల దాకా తేల్చనక్కర్లేదు. రాష్ట్రంలోని ఇంజనీరింగ్ కళాశాలల కోసం ఈఏపీసెట్ రాయవచ్చు, ఐఐటీ, ఎన్ఐటీల కోసం జేఈఈ రాయవచ్చు, మనసు మారితే బీఎస్సీ వైపో బీకాం వైపో వెళ్లవచ్చు. పాలిటెక్నిక్‌లో చేరిన రోజే నీ బ్రాంచి ఖాయమవుతుంది. సివిల్ డిప్లొమా చేసినవాళ్లు సివిల్‌లోనూ, ఎలక్ట్రికల్ చేసినవాళ్లు ఎలక్ట్రికల్‌లోనో దానికి అనుబంధంగా అనుమతించిన బ్రాంచిలోనో చేరాలి తప్ప, మూడేళ్ల తర్వాత ఇష్టం వచ్చిన వైపు తిరగడం కుదరదు. ఈసెట్ రాష్ట్ర స్థాయి పరీక్ష కాబట్టి ఆ ర్యాంకుతో ఐఐటీలోనో ఎన్ఐటీలోనో రెండో సంవత్సరంలో చేరే వీలు కూడా లేదు. నీకు మోటార్లంటే ఇష్టమని ఒకచోట, కంప్యూటర్ సైన్సు కూడా బాగుంటుందేమోనని మరొకచోట రాశావు. ఆ రెండో వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. మీ నాన్న వైండింగ్ షాపులో రాగితీగ చుట్టలు చూస్తూ పెరిగినదానివి కాబట్టి ఎలక్ట్రికల్ నీకు అలవాటైన వాసన. అలవాటునే ఇష్టం అనుకుంటున్నావేమో ఒక్కసారి నిన్ను నువ్వే అడిగి చూసుకో. కాలిపోయిన మోటారు షాపుకు వచ్చినప్పుడు అది ఎందుకు కాలిందో తెలుసుకోవాలని నీకు అనిపిస్తుందా, లేక ఎప్పుడు బాగై వెళ్లిపోతుందా అని చూస్తావా? ఈ ప్రశ్నకు జవాబు నీకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇంటర్ గురించి మీ చిన్ననాయనమ్మ చెప్పమన్న మాటలు కొన్ని ఉన్నాయి. ఎంపీసీ పాఠాలు మంచివి. కలనగణితం, యాంత్రికశాస్త్రం ఆ వయసులో శ్రద్ధగా చదివినవాళ్లకు ఇంజనీరింగ్‌లో జీవితాంతం పనికివచ్చే పునాది పడుతుంది. అయితే చాలా రెసిడెన్షియల్ కళాశాలల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, మార్కులను బట్టి సెక్షన్లు మార్చడం చూసి ఆమె చాలా బాధపడేది. నువ్వు వెళ్తే ఇంటి నుంచి వెళ్లి రాగలిగిన కళాశాలకే వెళ్లాలని ఆమె పట్టు. మన ఆంధ్రప్రదేశ్‌లో ఈఏపీసెట్ 160 మార్కులకు జరుగుతుంది, అందులో సగం, అంటే 80, గణితానివే. ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది. కాబట్టి ప్రవేశ పరీక్ష ఒక్కటే చూసుకుని బోర్డు పరీక్షలను నిర్లక్ష్యం చేయడానికి వీల్లేదు. ఇంటర్ ఒత్తిడి నుంచి తప్పించుకోవడానికే పాలిటెక్నిక్ కావాలని నువ్వు అనుకుంటుంటే మాత్రం నేను ఒప్పుకోను. పాలిటెక్నిక్‌లో చదువు తేలిక కాదు. అక్కడి కష్టం వేరే రకంగా ఉంటుంది, అంతే.

ఆ కష్టం ఎలాంటిదో విను. మొదటి సంవత్సరంలోనే ఇంజనీరింగ్ డ్రాయింగ్ ఉంటుంది. డ్రాయింగ్ బోర్డు ముందు గంటల తరబడి నిలబడి, మినీ డ్రాఫ్టర్‌తో ఒక వస్తువును మూడు వైపుల నుంచి గీయాలి. మనసులో ఆ వస్తువును తిప్పి చూడగలగడం వచ్చేదాకా ఏడిపిస్తుంది, వచ్చాక వదలాలనిపించదు. వర్క్‌షాపులో ఆకురాయి పట్టుకుని ఇనుప ముక్కను అరగదీయాలి, చెక్కపని చేయాలి, ఇంటి వైరింగు బోర్డు మీద బిగించాలి. ఆడపిల్లవని ఆ పనులు పక్కవాళ్లు చేసిపెడతామంటే ఒప్పుకోకు. నా తరగతిలో ఫిట్టింగులో అందరికన్నా చక్కగా పనిచేసిన విద్యార్థుల్లో అమ్మాయిలు ఎందరో ఉన్నారు. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు మొదటి మూడు నెలలు చాలా కష్టంగా గడుస్తాయి. 75 శాతం హాజరు కూడా తప్పనిసరి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తున్నాను. డిప్లొమాలో చేరిన పిల్లల్లో ఎక్కువమంది బీటెక్ చదువుతామనే చేరతారు, కానీ ఈసెట్ గురించి మూడో సంవత్సరంలో గానీ ఆలోచించరు. ఆ పరీక్షకు 200 మార్కులు: గణితానికి 50, ఫిజిక్సుకు 25, కెమిస్ట్రీకి 25, తమ బ్రాంచికి సంబంధించిన ఇంజనీరింగ్ విషయాలకు 100. ర్యాంకులు బ్రాంచివారీగా ఇస్తారు. సగం మార్కులు, అంటే వంద, బ్రాంచి నుంచే కదా అని ధీమాగా ఉంటారు. మిగిలిన వందలో ఫిజిక్స్, కెమిస్ట్రీ మొదటి సంవత్సరంతోనే ముగిసిపోతాయి. రెండేళ్లపాటు ఆ పుస్తకాల ముఖం చూడని విద్యార్థి, ఆరు నెలల పారిశ్రామిక శిక్షణలో ఫ్యాక్టరీకీ గదికీ తిరిగి అలసిపోయి, పరీక్షకు నెలన్నర ముందు వాటిని అటక మీద నుంచి దింపుతాడు. మా విభాగంలో ప్రతి సెమిస్టరులోనూ మొదటి వరుసలో నిలిచిన ఒక అబ్బాయి సరిగ్గా ఇలాగే చేశాడు. మెషీన్లలో, సర్క్యూట్లలో అతనికి తిరుగులేదు, గణితంలో మాత్రం సమాకలనం (ఇంటిగ్రేషన్) దగ్గర ఆగిపోయాడు. అతనికన్నా తరగతిలో వెనకబడిన ఒక అమ్మాయి మొదటి సంవత్సరం నుంచీ రోజూ గంటసేపు గణితం చేసేది. ఆమెకు విశ్వవిద్యాలయ క్యాంపస్ కళాశాలలో సీటు వచ్చింది, అతనికి రాలేదు. ఆ అబ్బాయికి మొదటి సంవత్సరంలోనే ఈ సంగతి గట్టిగా చెప్పి ఉండవలసిందని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే నీకు ఇంత వివరంగా రాస్తున్నాను. రెండో సంవత్సరంలో చేరడానికి ఉండే సీట్లు కళాశాలకు కొన్నే ఉంటాయి, మంచి కళాశాలల్లో వాటికి పోటీ తీవ్రంగా ఉంటుంది.

సీటు వచ్చాక మరో మెట్టు ఉంటుంది. నువ్వు అడుగుపెట్టేది మూడో సెమిస్టరులో. ఇంటర్ నుంచి వచ్చిన పిల్లలు అప్పటికే ఒక ఏడాది ఇంజనీరింగ్ గణితం, ప్రోగ్రామింగ్ చదివి ఉంటారు. ప్రయోగశాలలో నువ్వు వాళ్లకన్నా ముందుంటావు, కాగితం మీద లెక్క దగ్గర వెనకబడతావు. మొదటి రెండు నెలలు ఇది కాస్త అవమానంగా అనిపిస్తుంది. ఈసెట్ పరీక్షకూ, తరగతులు మొదలయ్యే రోజుకూ మధ్య ఉన్న ఖాళీలో మొదటి సంవత్సరం గణితం పుస్తకాలు ముందేసుకున్న పిల్లలు ఆ మెట్టును సులభంగా దాటడం నేను చూశాను.

డబ్బు విషయం నువ్వు అడగలేదు, కానీ మీ ఇంటి పరిస్థితి నాకు తెలుసు. తమ్ముడి చదువు ఉంది, షాపు అప్పు ఇంకా తీరలేదు. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఫీజు ఏడాదికి కొద్ది వేలలోనే ఉంటుంది, ప్రైవేటు రెసిడెన్షియల్ ఇంటర్‌తో పోల్చే పనే లేదు. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చదివితే ఆ ఖర్చూ తక్కువే, ఆ మాట మీ అమ్మానాన్నలు మరచిపోతున్నారు. అయితే డిప్లొమాకు ఒక ప్రత్యేకత ఉంది. మూడేళ్లకు చేతిలో ఒక పట్టా ఉంటుంది. ఏదైనా కారణం వల్ల బీటెక్ ఆలస్యమైతే ఆ పట్టాతోనే అప్రెంటిస్‌గా చేరవచ్చు, రైల్వేలో జూనియర్ ఇంజనీరు పరీక్ష రాయవచ్చు, రాష్ట్ర ప్రభుత్వ అసిస్టెంట్ ఇంజనీరు పోస్టులకు ప్రయత్నించవచ్చు. 2019లో గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్లుగా చేరినవారిలో డిప్లొమా చదివినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంటర్ మార్కుల జాబితా ఒక్కదానితో ఈ ధీమా ఉండదు. ఇంట్లో కష్టం వస్తే చదువు మధ్యలో ఆగిపోయే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

ఇక నా అభిప్రాయం అడిగావు కాబట్టి దాచకుండా చెబుతాను. ఎలక్ట్రికల్ మీద నీ మనసు నిజంగా నిలిచి ఉంటే, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ట్రిపుల్ ఈ, అంటే ఎలక్ట్రికల్, సీటు వస్తే, చేరు. మొదటి రోజు నుంచీ రోజూ గంట గణితం, వారానికి ఒకరోజు ఫిజిక్స్, కెమిస్ట్రీ చేస్తానని నాకు మాటిస్తేనే సుమా. ప్రైవేటు పాలిటెక్నిక్‌లో మాత్రమే సీటు వస్తే, అందులోనూ నీకు ఇష్టం లేని బ్రాంచిలో వస్తే, వద్దు. ఊళ్లోని ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఎంపీసీలో చేరు. కంప్యూటర్ సైన్సా, ఎలక్ట్రికలా అన్నది ఇంకా ఊగిసలాటలో ఉన్నా ఎంపీసీయే మేలు. ఆ రెండేళ్లూ నీ నిర్ణయం స్థిరపడడానికి ఖర్చుపెట్టిన కాలం అవుతుంది, వృథా కాదు. ట్రిపుల్ ఐటీలకు కూడా దరఖాస్తు చేశావో లేదో రాయలేదు. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళంలో పదో తరగతి మార్కుల మీదే ప్రవేశం ఇస్తారు. ఇంటర్‌కు సమానమైన పీయూసీ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు ఒకేచోట పూర్తవుతాయి. గడువు ఉంటే వెంటనే చెయ్యి.

నిర్ణయించుకునే ముందు రెండు పనులు చెయ్యి. వచ్చే ఆదివారం మా ఇంటికి వస్తే నా దగ్గరున్న పాత ఈసెట్ ఎలక్ట్రికల్ ప్రశ్నపత్రం ఇస్తాను. నీకు ఇప్పుడు ఒక్క ప్రశ్న కూడా రాదు, అది సహజమే. కానీ ఆ ప్రశ్నలు దేని గురించి అడుగుతున్నాయో చదివితే అవి తెలుసుకోవాలనిపిస్తుందా లేదా అన్నది నీకే తెలుస్తుంది. రెండోది, మన ఊరి నుంచి డిప్లొమా చేసి ఇప్పుడు బీటెక్ చదువుతున్నవాళ్లను ఒకరినీ, ఇంటర్ చేసి బీటెక్ చదువుతున్నవాళ్లను ఒకరినీ కలిసి, వాళ్లు రోజు ఎలా గడిపారో మాత్రమే అడుగు. ఏది మంచిదని అడగకు. ప్రతివాళ్లూ తాము నడిచిన దారినే మెచ్చుకుంటారు.

చివరగా ఒక జాగ్రత్త. కౌన్సెలింగ్ పూర్తయ్యేవరకు నీ ఒరిజినల్ మార్కుల జాబితా, టీసీ ఏ ప్రైవేటు కళాశాలకూ ఇవ్వవద్దు. సీటు నిలుపుకోవాలంటే ఇవ్వాలని వాళ్లు తొందరపెడతారు. నా విద్యార్థి ఒకమ్మాయికి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సీటు వచ్చాక, ముందు చేరిన కళాశాలవాళ్లు పూర్తి ఫీజు కడితే గానీ కాగితాలు ఇవ్వమన్నారు. ఆ పిల్ల తండ్రి పది రోజులు తిరగవలసి వచ్చింది. పదో తరగతి మార్కుల జాబితా, నాలుగు నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు ఒక ఫైలులో పెట్టి, ఒక్కోదానికి మూడేసి జిరాక్సులు తీయించి ఉంచు. ఆదాయ ధ్రువీకరణ ఇంకా తీసుకోకపోతే మీ నాన్నను రేపే సచివాలయానికి పంపు. ఆదివారం వచ్చేటప్పుడు ర్యాంకు కార్డు తీసుకురా, ఇద్దరం కూర్చుని ఆప్షన్ల వరుస రాద్దాం.

ఆశీస్సులతో,
మీ చిన్నతాతయ్య