లేడీ బీ గుడ్ బాంబర్ ఏమైంది, అందులో ఉన్నవాళ్ళు ఎవరైనా బతికారా?

ఎవరూ బతకలేదండి. 1943 ఏప్రిల్ 4న లిబియాలోని సోలుక్ నుంచి నేపుల్స్ మీద బాంబులెయ్యడానికి వెళ్ళిన అమెరికన్ బి-24 ఇది, తొమ్మిది మంది సిబ్బంది. తిరిగొచ్చేటప్పుడు రాత్రి, పైగా మబ్బులు, బేస్ దాటేశారని తెలీక సముద్రం మీదే ఉన్నాం అనుకుంటూ సహారాలోకి వందల కిలోమీటర్లు వెళ్ళిపోయారు. పెట్రోల్ అయిపోవస్తుంటే లైఫ్ జాకెట్లతోనే పారాచూట్లు కట్టుకుని దూకేశారు, కింద చూస్తే ఇసుక!

ఒకరి పారాచూట్ సరిగా తెరుచుకోక అక్కడే పోయారు. మిగతా ఎనిమిది మందీ ఒక్క చిన్న బాటిల్ నీళ్ళు మూతలతో కొలుచుకుని పంచుకుంటూ ఉత్తరం వైపు నడిచారు. వంద కిలోమీటర్లు పైనే నడిచారంటే నమ్మబుద్ధి కాదు. ఐదుగురు ఇక కదల్లేక ఆగిపోతే ముగ్గురు సాయం కోసం ముందుకెళ్ళారు. కో-పైలట్ జేబు డైరీలో చివరి రోజు ఏప్రిల్ 12, ఇంకా సాయం రాలేదు, రాత్రి బాగా చలి అని రాసుకున్నాడు.

నాకు అన్నిటికన్నా బాధేసేది ఏంటంటే విమానం మనుషులు లేకుండానే ఇంకో పాతిక కిలోమీటర్లు దక్షిణంగా వెళ్ళి పొట్ట మీద దిగింది, అందులో నీళ్ళు, తిండి, పనిచేసే రేడియో అన్నీ ఉన్నాయి, వీళ్ళేమో దానికి ఎదురు దిక్కులో నడిచారు.

1958లో ఆయిల్ కోసం వెతికేవాళ్ళకి కనబడేదాకా అది సముద్రంలో పడిందనే అనుకున్నారు. 1960లో ఎనిమిది మంది శవాలు దొరికాయి, తొమ్మిదో ఆయనది మాత్రం దొరకలేదు.