అత్తగారి పెరుగు గొడవ తర్వాత, ముందు మీ అరికాళ్ల సంగతి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 29. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పుట్టింట్లో మాంసం, గుడ్డు అలవాటు లేదు. డెయిరీల్లో పశువులను ఎలా చూస్తారో తెలిశాక మూడేళ్ల కిందట పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేసి వీగన్‌గా ఉంటున్నాను. మా అత్తగారు "పెరుగన్నం తినని కోడలికి పిల్లలెలా పుడతారు, ఎముకలు గుల్లబారిపోతాయి" అని రోజూ గొడవ. పాలు నిజంగా అవసరమా? సోయా పాలు తాగితే హార్మోన్లు పాడవుతాయంటున్నారు, నిజమేనా? పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం కాబట్టి ఫోలిక్ యాసిడ్ 5 ఎంజీ నేనే మొదలుపెట్టాను. బి12 కోసం స్పిరులినా అనే నాచు వాడుతున్నాను. అన్నట్టు, నాలుగైదు నెలలుగా అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, నడుస్తుంటే చెప్పు జారిపోయినా ఒక్కోసారి తెలియడం లేదు. కూర్చుని చేసే పని కదా, అందుకే అనుకుని మెడికల్ షాపులో నరాల మాత్రలు తెచ్చుకుని వేసుకుంటున్నాను, కాస్త నయం. అత్తగారికి ఏమని సమాధానం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం ఓపీ మధ్యలో చదివాను. అత్తగారి గురించి అంత రాసి, అసలు విషయం "అన్నట్టు" అని చివర్లో పెట్టారు. చెప్పు జారినా తెలియకపోవడం కూర్చుని పనిచేయడం వల్ల వచ్చేది కాదు. కాలు మడుచుకుని కూర్చుంటే తిమ్మిరి పడుతుంది, లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది. మీది నెలల తరబడి ఉంది, పైగా స్పర్శ తగ్గింది. రెండు కాళ్లకూ ఒకేలా ఉందా, ఒక కాలికేనా అన్నది మీరు రాయలేదు. రెండు కాళ్లకూ అయితే, మూడేళ్లుగా పాలు కూడా ముట్టని శాకాహారి విషయంలో నా అనుమానం ముందు విటమిన్ బి12 మీదకే పోతుంది. మిమ్మల్ని చూడకుండా, పరీక్షించకుండా ఇదే జబ్బు అని చెప్పను, చెప్పకూడదు కూడా. షుగర్, థైరాయిడ్, వెన్నుపూస సమస్యలు, ఇంకా చాలా వాటిలో కాళ్లు తిమ్మిరెక్కుతాయి.

పొద్దున వాష్ బేసిన్ దగ్గర ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నప్పుడు ముందుకో పక్కకో తూలుతున్నారా? చీకట్లో బాత్రూంకి వెళ్లేటప్పుడు గోడ పట్టుకోవాల్సి వస్తోందా? మన కాలు ఎక్కడుందో కళ్లతో చూడకుండానే మెదడుకు తెలియాలి. ఆ కబురు వెన్నుపాము వెనక భాగంలోని నరాల ద్వారా వెళ్తుంది. బి12 లోపిస్తే ఆ నరాల పైపొర దెబ్బతింటుంది. డాక్టరు దగ్గరికి వెళ్తే ట్యూనింగ్ ఫోర్క్ మోగించి కాలి బొటనవేలి ఎముక మీద పెడతారు, ఆ అదురు మీకు తెలుస్తోందా లేదా అని అడుగుతారు. రెండు నిమిషాల పని. తూలడం ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం వారం పది రోజులు ఆగకండి, ఈ రెండు రోజుల్లోనే న్యూరాలజిస్టునో జనరల్ ఫిజీషియన్‌నో కలవండి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినట్టున్నా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

మూడేళ్లు బాగానే ఉన్నాను కదా అంటారేమో. బి12 లివర్‌లో నిల్వ ఉంటుంది, మామూలుగా కొన్నేళ్లకు సరిపడా. గాదెలో గింజలు ఉన్నంతకాలం ఈ ఏడు పంట రాలేదని ఇంట్లో తెలియనట్టు, తినడం మానేసిన రెండు మూడేళ్ల దాకా ఏమీ తెలియదు. అందులోనూ మీ గాదె మొదటి నుంచీ సగమే నిండి ఉండొచ్చు, ఎందుకంటే మాంసం, గుడ్డు లేని ఇంట్లో బి12 వచ్చేది పాలు, పెరుగు నుంచే. గ్లాసు పాలలో ఒక మైక్రోగ్రాము అటూ ఇటూ ఉంటుంది, మనకు రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాములకు కాస్త పైన. అందుకే శాకాహారి వీగన్‌గా మారితే, మాంసాహారి మారినదానికంటే ముందే ఇబ్బంది మొదలయ్యే అవకాశం ఉంది.

ఇక ఫోలిక్ యాసిడ్. మంచి ఉద్దేశంతోనే మొదలుపెట్టారు. కడుపులో బిడ్డ వెన్నుపాము, మెదడు సరిగ్గా ఏర్పడటానికి గర్భం రాకముందు నుంచే అది కావాలి. కాకపోతే మామూలుగా సరిపోయేది 400 మైక్రోగ్రాములు. 5 ఎంజీ అంటే దానికి పన్నెండు రెట్లకు పైనే, ప్రత్యేక కారణం ఉన్నవాళ్లకు డాక్టర్లు రాసే మోతాదు. ఇక్కడో పాత కథ ఉంది. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే, అమెరికాలో లెడర్లే కంపెనీలో, 1940ల మధ్యలో. ఆ మందును అప్పట్లో పెర్నీషియస్ అనీమియా అనే ఒక రకం రక్తహీనత ఉన్న రోగులకు ఇస్తే రక్తం పెరిగింది, మొహంలో కళ వచ్చింది, డాక్టర్లు సంబరపడ్డారు. తీరా చూస్తే అదే రోగుల్లో కొందరికి నరాల జబ్బు ఆగకపోగా ముదిరింది. వాళ్లలో లోపించింది బి12 అని తర్వాత తేలింది, దాన్ని విడదీసి పట్టుకున్నది 1948లో, సుబ్బారావు గారు చనిపోయిన సంవత్సరం. అంటే బి12 లేనివాళ్లకు ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో ఇస్తే రక్తపరీక్ష బాగానే కనిపించవచ్చు, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉండవచ్చు. "హిమోగ్లోబిన్ బాగుంది డాక్టర్ గారూ, నాకేం లోపం లేదు" అని ధీమాగా చెప్పేవాళ్లను చూసి నాకు భయం వేసేది ఇందుకే. ఇది చదివి ఫోలిక్ యాసిడ్ మీ అంతట మీరు పూర్తిగా ఆపేయకండి. మోతాదు ఎంత ఉండాలో మిమ్మల్ని చూసిన డాక్టరు చెప్పాలి, బి12 సంగతి కూడా పక్కనే తేల్చాలి.

స్పిరులినా మీద మీకున్న నమ్మకం చూస్తే జాలేసింది. అందులో ఉండేది చాలావరకు బి12ను పోలిన వేరే పదార్థం, మన ఒంట్లో అది పనిచేయదు. చద్దన్నంలో ఉంది, పులిసిన ఇడ్లీ పిండిలో ఉంది, కడగని కూరగాయల మట్టిలో ఉంది అని వాట్సాప్‌లో తిరిగేవాటిని కూడా నమ్ముకోవద్దు. చద్దన్నం మంచిదే, తినండి, కానీ దాన్ని బి12 ఖాతాలో వేయకండి.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండింది ఆ నరాల మాత్రల దగ్గర. పేరు రాయలేదు. షాపుల్లో "కాళ్లు తిమ్మిర్లు" అనగానే చేతిలో పెట్టేది ఎక్కువగా ప్రీగాబలిన్, మిథైల్‌కోబాలమిన్ కలిపిన క్యాప్సూల్. ప్రీగాబలిన్ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. తిమ్మిరి, మంట తెలియకుండా చేస్తుంది, మీరు నయం అనుకుంటున్నది బహుశా అదే. గర్భం కోసం ప్రయత్నించేవాళ్లు అడగకుండా వేసుకోవలసినది అసలే కాదు. అలాగని రేపటి నుంచి టక్కున మానేయకండి, కొన్నాళ్లుగా వాడుతుంటే నెమ్మదిగా తగ్గించాలి, అదీ డాక్టరు చెప్పినట్టే. రెండోది మిథైల్‌కోబాలమిన్, అది బి12 రూపమే కాబట్టి ఇప్పుడు పరీక్ష చేయిస్తే రిపోర్టులో అంకె బాగానే కనిపించి అందర్నీ తప్పుదోవ పట్టించొచ్చు. కొన్ని నరాల మాత్రల్లో బి6 ఎక్కువ మోతాదులో ఉంటుంది, దాన్ని నెలల తరబడి మింగితే అదే నరాలను పాడుచేసి కాళ్లు తిమ్మిరెక్కిస్తుంది. మందు వేసుకుంటున్నా తగ్గడం లేదని ఇంకో స్ట్రిప్ కొనేవాళ్లు ఉన్నారు! ఇంకోటి, మీరు తేనె కూడా మానేశానన్నారు, ఆ క్యాప్సూళ్ల పైతొడుగు చాలావరకు జెలటిన్, అంటే పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. కూరల ప్యాకెట్ మీద అక్షరం అక్షరం చదివే మీరు మందు స్ట్రిప్ తిప్పి చూడలేదంటే ఏమనాలి?

జంతువుల నుంచి వస్తుందని బి12 మాత్రలకు దూరంగా ఉంటే ఆ టెన్షన్ అక్కర్లేదు. మందుల్లో వాడే బి12ను బ్యాక్టీరియాను పెంచి తయారుచేస్తారు. ఆవు పాలలోకి వచ్చేది కూడా ఆవు కడుపులోని బ్యాక్టీరియా చేసిందే. 1944లో బ్రిటన్‌లో పుట్టిన వీగన్ సొసైటీయే తన సభ్యులకు గట్టిగా చెప్పే మాట ఇది: బి12 చేర్చిన ఆహారమైనా తినండి, లేదంటే రోజుకు కనీసం 10 మైక్రోగ్రాములో, వారానికి కనీసం 2000 మైక్రోగ్రాములో మాత్రగా వేసుకోండి అని. ఇది లోపం రాకుండా చూసుకునే మోతాదు. ఇప్పటికే నరాల మీద పడితే ఇది చాలదు, మామూలుగా ఇంజెక్షన్లతో మొదలుపెడతారు. అయితే ముందు పరీక్షకు రక్తం ఇచ్చి, ఆ తర్వాతే ఇంజెక్షన్. "ఎందుకైనా మంచిది" అని వీధి చివర క్లినిక్‌లో ఒకటి పొడిపించుకుని మా దగ్గరికి వస్తే రిపోర్టుకు అర్థం ఉండదు.

పరీక్షల్లో పూర్తి రక్తపరీక్ష, బి12, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), విటమిన్ డి, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), షుగర్ ఉంటాయి. బి12 200 పీజీ/ఎంఎల్ కంటే తక్కువ ఉంటే సాధారణంగా లోపం కిందే లెక్క, 200 నుంచి 300 మధ్య అయితే అనుమానం, అప్పుడు బి12 తగ్గితే రక్తంలో పెరిగే హోమోసిస్టీన్, మిథైల్‌మలోనిక్ యాసిడ్ కూడా చూస్తారు. మీ విషయంలో మాత్రల వల్ల అంకె మీద భరోసా తక్కువ కాబట్టి ఈ రెండూ అడగవచ్చు. ఎసిడిటీ మాత్రలు, పీసీఓడీకి మెట్‌ఫార్మిన్ లాంటివి వాడుతుంటే తప్పకుండా చెప్పండి, అవి కూడా బి12ను తగ్గిస్తాయి. పళ్లకో మరే చిన్న ఆపరేషన్‌కో మత్తు ఇవ్వాల్సి వస్తే ఈ అనుమానం ఉందని ముందే చెప్పాలి, నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తువాయువు ఉన్న కాస్త బి12ను కూడా పనికిరాకుండా చేస్తుంది.

గర్భం విషయంలో ఒక్క మాట. తల్లికి బి12 లేకపోతే ఆ తల్లి పాలే తాగే బిడ్డకూ ఉండదు. ఏడాది అటూ ఇటూ వయసులో నవ్వడం, కూర్చోవడం మర్చిపోయి, వేలి కణుపులు నల్లబడి, జుట్టు పలచబడి, ఒళ్లంతా వణికే పిల్లలను మన దేశపు పిల్లల డాక్టర్లు బాగా ఎరుగుదురు. మిమ్మల్ని భయపెట్టాలని రాయలేదు, ఇది ముందే ఆపగలిగేది. బి12 సరిచేసుకునే దాకా ప్రయత్నం కొన్నాళ్లు వాయిదా వేయాలా అని గైనకాలజిస్టును అడగండి. ఈ నెల పీరియడ్ ఆలస్యమై ఉంటే మాత్రం మందుల సంగతి మాట్లాడే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి.

మీరు అడిగినవాటికి గబగబా చెప్తాను. పాలు తాగకుండా బతకొచ్చు, ఆరోగ్యంగానే బతకొచ్చు, కాకపోతే లెక్క చూసుకుని తినాలి. సోయా పాలు మామూలు మోతాదులో హార్మోన్లను పాడుచేయవు, థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం రెంటికీ మధ్య కొన్ని గంటలు ఎడం ఉంచాలి. ఇంట్లో చేసిన సోయా పాలలో, పల్లీ పెరుగులో కాల్షియం పెద్దగా ఉండదు. ప్యాకెట్‌లో కలిపి ఉంటే అడుగున పేరుకుంటుంది, ఊపి పోసుకోండి. రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350, మునగాకులో 300 పైన, నువ్వుల్లో ఇంకా ఎక్కువ. ఉప్పు సైంధవ లవణమైతే అయోడిన్ రాదు, అయోడిన్ ఉప్పుకు మారండి. అన్నం తిన్న వెంటనే టీ వద్దు, ఐరన్ ఒంటపట్టదు.

అత్తగారి విషయం నా సబ్జెక్టు కాదు. ఈ పాల తగువు కొత్తదీ కాదు, గాంధీగారు 1912లో పాలు వదిలేసి, 1918లో జబ్బుపడ్డాక కస్తూర్బా సలహాతో మేకపాలు తాగారు, ఆ తర్వాత కూడా దాని గురించి బాధపడుతూనే ఉన్నారు. మీ ఇద్దరిలో ఎవరిది న్యాయమో నేను చెప్పను. పెరుగు లేకపోతే పిల్లలు పుట్టరన్నది నిజం కాదు. అలాగని ఇప్పుడు ఆవిడ మాట విని రెండు కప్పులు పెరుగు తిన్నా ఈ కాళ్లు బాగుపడవు, లోపం ఉంటే చికిత్స కావాలి. నరాలు కోలుకోవడానికి నెలలు పడుతుంది, ఆలస్యమైన కొద్దీ పూర్తిగా రాకపోవచ్చు కూడా. వెళ్లేటప్పుడు మీరు వాడుతున్న స్ట్రిప్పులన్నీ, ఖాళీవైనా సరే, ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి, "పసుపు రంగు మాత్ర" అని చెప్తే మాకు తెలియదు. మీవారు కూడా వీగన్ అయితే ఆయన రక్తం కూడా అదే రోజు ఇప్పించండి.