వేలి చుక్కతో టాక్రోలిమస్ లెవెల్ తెలుస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అక్కకి కిడ్నీ మార్పిడి అయి రెండేళ్లయింది, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా ఆపే టాక్రోలిమస్ మందు వాడుతోంది. రక్తంలో ఆ మందు ఎంతుందో చూసే లెవెల్ టెస్టు అన్నప్పుడల్లా పొద్దున్న మందు వేసుకోకుండా చాలా దూరం వెళ్లాలి, పైగా నరం దొరక్క రెండు మూడు చోట్ల పొడుస్తారు. ఇప్పుడేమో ఇంట్లోనే వేలి రక్తం కార్డు మీద వేసి పోస్టులో పంపొచ్చు అంటున్నారు. అంత చిన్న చుక్కని నమ్మొచ్చా?

జవాబు: నమ్మొచ్చండి, కానీ చుక్క సరిగ్గా పడాలి. టాక్రోలిమస్ ఎక్కువగా ఎర్రరక్తకణాల్లోనే ఉంటుంది కాబట్టి మామూలు టెస్టు కూడా ప్లాస్మాలో, అంటే కణాలు తీసేసిన రక్తపు ద్రవంలో కాకుండా మొత్తం రక్తంలోనే చేస్తారు, అందుకే ఎండిన చుక్క ఈ మందుకి బాగా కుదిరింది. మార్పిడి అయినవాళ్లు వాడే మిగతా మందుల్లో సైక్లోస్పోరిన్, సిరోలిమస్, ఎవెరోలిమస్ కూడా ఇంతే. మైకోఫెనోలేట్ మాత్రం ప్లాస్మాలో కొలిచేది, దానికి చుక్కలో వచ్చిన అంకెని మళ్లీ లెక్కకట్టి మార్చుకోవాలి.

టైము మాత్రం మారదు, ఇది చాలామంది మర్చిపోతారు. రోజుకి రెండుసార్లు వేసుకునేవాళ్లయితే రాత్రి డోసుకి 12 గంటల తర్వాత, పొద్దున్న డోసు ముందు తీయాలి. ఎన్నింటికి మందు వేసుకుంది, ఎన్నింటికి రక్తం తీసింది కార్డు మీద రాయమనండి, ఆ టైము లేకపోతే వచ్చిన అంకెకి అర్థమే ఉండదు. ముందు చేతులు శుభ్రంగా కడుక్కోవాలి, క్యాప్సూల్ పొడో టాక్రోలిమస్ ఆయింట్‌మెంటో వేలికి కాస్త అంటుకున్నా లెవెల్ లేనిపోనంత ఎక్కువ చూపిస్తుంది. మొదటి చుక్క తుడిచేసి, వేలిని గట్టిగా పిండకుండా, గీసిన వలయం నిండేలా ఒకే పెద్ద చుక్క వేయాలి, చుక్క మీద చుక్క వేయొద్దు. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం లాంటివి వద్దు, గదిలోనే మూడు గంటలు ఆరనిచ్చి కవర్లో పెడితే చాలు. ల్యాబ్ వాళ్లు పక్కన పడేసే కార్డుల్లో చాలా వరకు ఇలా చుక్క సరిగ్గా పడనివే.

ఇంకో చిక్కు హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా. అది తక్కువుంటే రక్తం పల్చగా ఉండి కాగితం మీద ఎక్కువ దూరం పాకుతుంది, ల్యాబ్‌లో కత్తిరించే చిన్న బిళ్లలో రక్తం తగ్గిపోయి లెవెల్ కూడా తక్కువ చూపించొచ్చు. మార్పిడి అయినవాళ్లలో రక్తహీనత మామూలే కదా, అందుకని మీ అక్క హిమోగ్లోబిన్ ఎంతో ల్యాబ్‌కి తెలియాలి. కొలిచినంత రక్తమే పీల్చుకునే పరికరాలు కూడా వచ్చాయి, వాటితో ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

నా మాటయితే, మొదట ఒకట్రెండు సార్లు ఒకే పూట నరం నుంచీ వేలి నుంచీ రెండూ తీయించి పోల్చి చూడమని మీ డాక్టర్ని అడగండి. అంకెలు దగ్గరగా ఉంటే అప్పుడు కార్డుకి మారొచ్చు, మారాక మాటిమాటికీ ల్యాబ్ మార్చకండి. విరేచనాలు పట్టుకున్నా, చేతులు వణుకుతున్నా, ఫంగస్ మందో క్లారిత్రోమైసినో కొత్తగా మొదలుపెట్టినా లెవెల్ పెరిగిపోయి ఉండొచ్చు, అప్పుడు కార్డు పోస్టులో వేసి రిజల్ట్ కోసం రోజులు చూడొద్దు, వెంటనే ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కి ఫోన్ చేసి నరం రక్తమే ఇప్పించండి.