ఇల్లు మ్యూనిక్‌లో, గొడవ చిత్తూరులో

ప్రశ్న: మాది చిత్తూరు. మా ఆయనకి మామిడి మండీ ఉంది. మాకు ఒక్కతే అమ్మాయి, 25 ఏళ్లు, జర్మనీలోని మ్యూనిక్‌లో ఎమ్మెస్ రెండో సంవత్సరం. తోతాపురి సీజన్ అయిపోతే నాన్న ఖాళీగా ఉంటాడని ఆగస్టులో సెలవులకి ఇంటికొచ్చింది. వచ్చేముందు అక్కడున్న గది ఖాళీ చేసేసింది. రెండు నెలల అద్దె దండగ కదా అని నేనే చెప్పాను. సెప్టెంబరు నెలాఖరులో తిరిగి వెళ్లింది. అప్పట్నుంచీ ఎంత తిరిగినా ఇల్లు దొరకలేదు. ఒక్క గదికే 800 యూరోలు అడుగుతున్నారట. ఒకసారి మోసపోబోయి ఆఖరి నిమిషంలో ఆగింది. మ్యూనిక్‌కి దగ్గర్లో ఆగ్స్‌బర్గ్‌లో మా ఆయన పిన్నికొడుకు కుటుంబం ఉంటుంది. నాలుగు వారాలుగా వాళ్లింట్లో హాల్లో పడుకుంటోంది. ఇప్పుడు ఒక ఫ్లాట్‌లో గది ఇస్తామన్నారట. అందులో ఇంకో అమ్మాయి, ఇద్దరు అబ్బాయిలు ఉంటారు. "నాన్నకి అందరూ అమ్మాయిలేనని చెప్పమ్మా" అంటోంది. ఈయనేమో "మనవాళ్లిల్లు ఉండగా పరాయి ఇల్లెందుకు, చదువయ్యేదాకా అక్కడే ఉండమను" అంటున్నారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. నిద్ర పట్టడం లేదు. అబద్ధం చెప్పమంటారా, నిజం చెప్పి పిల్లకి దొరికిన ఇల్లు పోగొట్టమంటారా?
— ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అబద్ధం చెప్పకండమ్మా. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతావి నిదానంగా మాట్లాడుకోవచ్చు.

అబద్ధం పాపమని చెప్పడం లేదు. ఈ అబద్ధం నిలవదు, అంతే. ఏదో ఒక ఆదివారం వీడియో కాల్‌లో మీ అమ్మాయి వెనకాల ఒకబ్బాయి టీ కప్పు పట్టుకుని అటు నుంచి ఇటు నడిచి వెళ్తాడు. ఆ రోజు మీ ఆయన కోపం ఆ అబ్బాయి మీదికి పోదు, మీ మీదికే వస్తుంది. తల్లీకూతుళ్లు కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారని ఆయన మనసులో పడిపోతుంది. ఆ తర్వాత మీరు నిజం చెప్పినా రెండుసార్లు ఆలోచిస్తారు. ఒక గది కోసం అంత ఖరీదు ఎందుకు?

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు ఇంకోటి తగిలింది. గది ఖాళీ చేయమన్నది మీరే. 800 లెక్కన రెండు నెలలకి 1,600 యూరోలు, మన డబ్బుల్లో లక్షన్నర పైమాటే. ఏ తల్లయినా దండగనే అంటుంది. కానీ ఆ సలహా మీదేనని ఆయనకి చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. "ఉన్న గదిని వదులుకుంది, తెలివి లేదు" అని ఆయన కూతుర్ని తిడుతుంటే మీరు పక్కనే కూర్చుని ఊరుకుంటున్నారేమో. అదే అయితే మీకు నిద్ర పట్టకపోవడంలో దాని వాటా కూడా ఉంది. మీ వంతు నిజం అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. (అక్కడ చదివే పిల్లలు సెలవులకి ఇంటికొచ్చేటప్పుడు ఓనరు అనుమతి తీసుకుని, ఆ రెండు నెలలకి గదిని ఇంకొకరికి అద్దెకిచ్చి వస్తుంటారు. వచ్చే ఏడాదికి గుర్తుపెట్టుకోండి.)

పిల్ల సరిగ్గా వెతకడం లేదనే అనుమానం మీ ఇద్దరిలో ఎవరికున్నా తీసేయండి. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ నాడు తిరుపతిలో దిగి లాడ్జి గది అడిగితే ఎలా ఉంటుంది? మీ అమ్మాయి మ్యూనిక్‌లో దిగింది సరిగ్గా అలాంటి రోజుల్లోనే. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మొదటివారం దాకా అక్కడ పెద్ద బీరు పండగ జరుగుతుంది. ఆ రోజుల్లో టూరిస్టులు దిగే హాస్టల్లో ఒక్క మంచానికి కూడా హోటల్ గది రేటు పలుకుతుంది. అది ముగిసేలోపే అక్టోబరు మధ్యలో మొదలయ్యే సెమిస్టర్ కోసం కొత్త విద్యార్థులంతా వచ్చి పడతారు. స్టూడెంట్ హాస్టళ్లున్నాయి, చవక కూడా. వాటికి పేరు రాయించుకుంటే సెమిస్టర్లకి సెమిస్టర్లు కాచుకోవాలి.

పోనీ విడిగా చిన్న ఫ్లాట్ తీసుకోవచ్చు కదా అంటారేమో. జర్మనీలో చాలా ఖాళీ ఫ్లాట్లు నిజంగానే ఖాళీగా ఉంటాయి. వంటింట్లో గట్టు, సింకు కూడా ఉండవు. బల్బులు సైతం మనమే బిగించుకోవాలి. ఏడాదిలో చదువయిపోయే పిల్లకి ఆ తలనొప్పి అనవసరం. అందుకే విద్యార్థులు ఎక్కువమంది నలుగురైదుగురు కలిసి ఉండే ఇంట్లో ఒక గది తీసుకుంటారు. దాన్ని వాళ్లు వేగే అంటారు. ఎవరి గది వాళ్లది, ఎవరి తాళం వాళ్లది. వంటిల్లు, స్నానాలగది ఉమ్మడి. ఈ వారం ఎవరు తుడవాలో కాగితం రాసి తలుపుకి అంటిస్తారు. ఆడా మగా కలిసి ఉండడం అక్కడ మామూలు. దానికి ఎవరూ వేరే అర్థం తీయరు.

గది ఖాళీ అయితే ఆ ఇంట్లో ఉన్నవాళ్లే వచ్చినవాళ్లని వంటింట్లో కూర్చోబెట్టి మాట్లాడి ఎంచుకుంటారు. మనూళ్లో టు-లెట్ బోర్డు చూసి తలుపు తడితే "మీరేమిటోళ్లు, నీసు తింటారా" అంటారు చూడండి, అక్కడ "గిన్నెలు ఎప్పుడు కడుగుతావు, రాత్రి ఎన్నింటికి పడుకుంటావు" అంటారు. ఆ పరీక్షలో మీ అమ్మాయి నెగ్గింది. ఆ సంతోషం మీ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు.

అబ్బాయిలున్న ఇంట్లో ఏ ఇబ్బందీ రాదని నేను హామీ ఇవ్వలేను. అమ్మాయిలు మాత్రమే ఉన్న ఇంటికీ ఇవ్వలేను. అమ్మాయిలే ఉండే ఇళ్లు కూడా దొరుకుతాయి. అవే కావాలని ఇప్పుడు పట్టుబడితే పిల్ల మళ్లీ ఆగ్స్‌బర్గ్ హాల్లోనే ఉంటుంది.

ఆ హాలు గురించి నాకు తెలుసు. పలమనేరు నుంచి చదువుకోడానికి తిరుపతి వచ్చినప్పుడు నేను నాలుగు నెలలు మా అత్త ఇంట్లో ఉన్నాను. ఆవిడ బంగారం, ఏనాడూ ఒక్క మాట అనలేదు. పొద్దున టిఫినుకి నాలుగో ఇడ్లీ వెయ్యబోతే నేను అరచెయ్యి అడ్డం పెట్టేదాన్ని. నా ఆకలి తీరలేదని ఆవిడకీ తెలుసు. రాత్రి టీవీ కట్టేసి అందరూ గదుల్లోకి వెళ్లేదాకా నిద్ర ఆపుకుని, అప్పుడు చాప పరుచుకునేదాన్ని. అక్కడ మీ అమ్మాయి పరిస్థితీ అలాంటిదే అయి ఉంటుంది. నాలుగు వారాలంటే ఎవరైనా సర్దుకుంటారు. మీ ఆయన చదువయ్యేదాకా అంటున్నారు. ఆయన తన తమ్ముణ్ణి అడిగే ఉంటారు. తమ్ముడి భార్యని ఎవరైనా అడిగారా?

ఇప్పుడు మీ ఆయన సంగతి. ఆయన మాట ఎలాగూ నెగ్గదు, అలాగని ఆయన్ని పక్కన పెట్టేస్తే బాధపడతారు. ఆయన చేతికి పని ఇవ్వండి. మండీ నడిపే మనిషి సరుకు చూడకుండా బయానా ఇవ్వడు. కాయ చేత్తో నొక్కి చూస్తాడు, ఎవరి తోట అని అడుగుతాడు, లెక్క రాసుకుంటాడు. మ్యూనిక్‌లో ఇల్లు వెతకడానికి కావలసిన తెలివి సరిగ్గా అదే. మీ అమ్మాయి మోసపోబోయిన కథ మీరు వివరంగా రాయలేదు కానీ అక్కడ ఎక్కువగా జరిగే మోసం ఇది: ఫోటోలు అద్దంలా ఉంటాయి, అద్దె ఆశ్చర్యపోయేంత తక్కువ. ఓనరు "నేను వేరే దేశంలో ఉన్నాను, అడ్వాన్సు పంపండి, తాళం కొరియర్‌లో పంపిస్తాను" అంటాడు. చదువుకున్న పిల్లలే నెల్లాళ్లు తిరిగి అలిసిపోయి ఆ డబ్బు పంపేస్తున్నారు. మీ ఆయనైతే ఆ మాటకి నవ్వేవారు.

అందుకే ఈ గది గురించి ఆయన్నే ప్రశ్నలు అడగనివ్వండి. అగ్రిమెంట్ మన పిల్ల పేరు మీద ఇంటి ఓనరే రాస్తాడా, లేక ఉన్నవాళ్లలో ఒకరు తన అద్దెలోంచి వాటా ఇస్తున్నారా? వాటా అయితే ఓనరు ఒప్పుకున్నట్టు కాగితం ఉందా? ఆ 800 చల్లని అద్దా, వెచ్చని అద్దా? అక్కడ నిజంగానే అలా అంటారు. చల్లనిదంటే ఉత్త అద్దె. వెచ్చనిదంటే హీటర్, నీళ్ల ఖర్చులు కలిపి. కరెంటు, ఇంటర్నెట్ చాలాసార్లు దానికీ బయటే. అడ్వాన్సు ఎంత? చట్టం ప్రకారం మూడు నెలల చల్లని అద్దెకి మించి అడగకూడదు, దాన్ని కూడా మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు ఉంది. ఈ సంగతి మీ ఆయన చెవిన పడితే లెక్కలు వేయడం మొదలుపెడతారు చూడండి.

ఒకటి మాత్రం తప్పకుండా అడిగించండి. ఇంట్లో చేరినట్టు ఓనరు సంతకం చేసిన కాగితం ఇస్తాడా? కొత్త ఇంట్లో చేరిన రెండు వారాల్లో ఆ కాగితం తీసుకుని మున్సిపల్ ఆఫీసులో అడ్రసు నమోదు చేయించుకోవాలి. బ్యాంకుకి, వీసా పొడిగింపుకి అడుగడుగునా ఆ నమోదు కాగితమే అడుగుతారు. "ఇంట్లో ఉండు, అడ్రసు మాత్రం నమోదు చేసుకోవద్దు" అనే ఇల్లు ఎంత చవకైనా వద్దు.

ఇదంతా ఆయనకి చెప్పాల్సింది మీరు కాదు, మీ అమ్మాయి. "నాన్నకి చెప్పు" అన్నప్పుడల్లా ఆ మాట మోసిపెట్టడం మీకు అలవాటైపోయింది. ఈసారి మొయ్యకండి. పిల్లతో ఇంతే అనండి: "అబద్ధం నేను చెప్పను. నిజం నువ్వు చెప్పు. నేను పక్కనే కూర్చుంటాను." 800 యూరోల అద్దెకి సంతకం పెట్టబోతున్న మనిషి నాన్నతో పది నిమిషాలు మాట్లాడగలదు.

ఆయన మండీ నుంచి వచ్చి భోంచేశాక మాట్లాడించండి. బంధువులెవరైనా ఇంట్లో ఉంటే మర్నాటికి వాయిదా వెయ్యండి. ఫోన్ కలిపేముందు గది ఖాళీ చేయమన్నది మీరేనని ఆయనకి చెప్పేయండి. ఆ తిట్లేవో పిల్లకంటే ముందు మీరు తినేస్తే దాని వంతు కాస్త తగ్గుతుంది. పిల్ల మాత్రం ఇల్లెక్కడ, అద్దెంత అన్నది చెప్పి, అబ్బాయిల సంగతి కూడా మొదటి రెండు నిమిషాల్లోనే చెప్పేయాలి. ఆఖర్లో చెబితే దాచి చెప్పినట్టుంటుంది. తర్వాత ఫోన్ తిప్పి ఆ గది, తలుపు, తాళం చూపించమనండి. వీలైతే ఆ ఇంట్లో ఉన్న అమ్మాయితో ఒక నమస్కారం పెట్టించండి.

మీ ఆయన కేకలేస్తారో, లేచి వెళ్లిపోయి రెండు రోజులు మాట్లాడరో మీకే బాగా తెలుసు. ఆ రెండు రోజులూ ఏడ్చి, బతిమాలి ఆయన చేత సరే అనిపించుకోవద్దు. ఊరుకోండి. మూడో రోజు "ఆ అడ్వాన్సు ఎంతన్నారూ" అని అడిగితే ఒప్పుకున్నట్టే.

ఒప్పుకోకపోతే? పిల్లకి 25 ఏళ్లు. సంతకం తనే పెట్టుకుంటుంది, పెట్టుకోనివ్వండి. ఖర్చులు ఆపేస్తాననే మాట మాత్రం ఆయన నోటి నుంచి రాకుండా చూసుకోండి. కోపంలో అన్నా దాన్ని పిల్ల మరిచిపోదు.

ఇక ఆగ్స్‌బర్గ్ వాళ్లు. గది ఖాయమైన రోజే ఆ చిన్నాన్న భార్యకి మీరు ఫోన్ చేయండి. మీ ఆయన తమ్ముడికి చేయడం వేరు, ఆవిడకి మీరు చేయడం వేరు. ఈ నాలుగు వారాలూ ఆవిడ వంటింట్లో అదనంగా ఒక పళ్లెం కడిగింది. పిల్ల వెళ్లేముందు ఒక పూట వాళ్లందరికీ రాగి సంగటి, వేరుశనగ చట్నీ చేసిపెట్టమనండి. ఇంటి నుంచి మీరు కట్టిచ్చిన రాగిపిండి ఆ సూట్‌కేసులో ఇంకా ఉండే ఉంటుంది. వేరేవాళ్ల వంటింట్లో డబ్బా తియ్యడానికి మొహమాటపడి ఉంటుంది.