ఏ లూమ్ ఆడావో ముందు చెప్పు

చిక్కడపల్లి,
హైదరాబాద్

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. లూమ్ అనే పాత కంప్యూటర్ ఆట గురించి తెలుగులో ఇంత ఓపిగ్గా రాసేవాళ్లు ఉన్నారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. రాత్రి చదివాను, పొద్దున కాఫీ తాగుతూ మళ్లీ చదివాను. వాక్యం నీ చేతికి బాగానే లొంగింది. దాని గురించి నీకు బెంగ అక్కర్లేదు. ఇబ్బందల్లా నువ్వు తేడాలు చెప్పిన పద్ధతిలో ఉంది. ఆ ఆటకి ఉన్న వెర్షన్లన్నీ ఒక పట్టికలో పెట్టి, రంగులు ఎన్ని, మాటలు ఉన్నాయా లేవా, సంగీతం ఎలా ఉంది అని గళ్లు నింపి, చివరికి "పాతదే బెస్ట్, సీడీలో పాడుచేశారు" అని తేల్చేశావు. గళ్లలో ఉన్నవి దాదాపు అన్నీ కరెక్టే. కానీ ఆ తేడా ఎందుకొచ్చింది, దానివల్ల ఆడేవాడికి ఏం పోయింది, ఏం దక్కింది అన్నది చదివినవాడికి తెలియలేదు. ఈ ఉత్తరం అంతా ఆ ఒక్క విషయం గురించే.

ముందుగా, నువ్వు ఏ లూమ్ ఆడావో మొదటి పేరాలోనే చెప్పు. ఇవాళ స్టీమ్, గాగ్ లాంటి ఆటలమ్మే సైట్లలో డబ్బులిచ్చి కొనుక్కుంటే వచ్చేది 1992 నాటి సీడీ వెర్షన్. 256 రంగులు, పాత్రలు నోరు తెరిచి మాట్లాడతాయి. 1990లో బయటికొచ్చిన మొదటి లూమ్ అది కాదు. అప్పటి సమీక్ష చదివి ముచ్చటపడి ఇప్పుడు కొన్నవాడు చూసేది ఇంకో ఆట. నీ వ్యాసంలో మూడో పేజీలో పొగిడినది ఒక వెర్షన్‌ని, నాలుగో పేజీలో స్క్రీన్‌షాట్ పెట్టింది ఇంకో వెర్షన్‌ది. పాఠకుడు తికమకపడడా?

ఇక కథ. నువ్వు రెండు పేజీలు కేటాయించావు, అంత అక్కర్లేదు. మన పాఠకుల్లో పోచంపల్లి నుంచి, గద్వాల నుంచి హైదరాబాద్ వచ్చి స్థిరపడినవాళ్లు ఉంటారు. ఇంట్లో మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాళ్లకి, లోకాన్నే నేసే నేతగాళ్ల సంఘం ఒకటి, అందులో బాబిన్ త్రెడ్‌బేర్ అనే పదిహేడేళ్ల కుర్రాడు, పెద్దలందరూ హంసలై ఎగిరిపోతే ఒంటరిగా మిగిలిపోతాడు అని చెప్తే చాలు, పట్టేస్తారు. ఆ చోటంతా బొమ్మల గురించి రాయి.

ఎందుకంటే అసలు సంగతి అక్కడే ఉంది. 1990 నాటి పీసీ వెర్షన్‌లో ఉన్నది పదహారే రంగులు. ఆ పదహారూ ఏవో చిత్రకారుడు ఎంచుకునే వీలు కూడా లేదు. తెరకి బొమ్మ పంపే ఈజీఏ కార్డు ఆ సైజు తెరకి ఏ రంగులిస్తే అవే. చిత్రకారుడు మార్క్ ఫెరారీ చేసిందేంటంటే, రెండు రంగుల చుక్కల్ని ఒకటి విడిచి ఒకటి పెట్టి, మధ్య రంగు మన కంట్లో పుట్టేలా గీశాడు. ఆట మొదట్లో కొండ అంచున బాబిన్ నిలబడి ఉంటాడు చూడు, ఆ చీకటి ఆకాశాన్ని దగ్గరికెళ్లి చూడు. అన్నీ ముదురు నీలం, నలుపు చుక్కలే. ఇలాంటి చుక్కల బొమ్మల్ని కుదించడం కష్టం, డిస్కు మీద చోటు ఎక్కువ తింటాయి. అందుకే ఆట తయారుచేసిన స్టూడియోలో మొదట ఈ పద్ధతికి ఒప్పుకోలేదని ఫెరారీయే తర్వాత చెప్పాడు. ఆ కష్టం తెలిశాక "పదహారు రంగులు" అన్న గడి నీకు ఇంకోలా కనబడుతుంది.

ఇంకో మాట. నువ్వు ఆ వెర్షన్‌ని ల్యాప్‌టాప్‌లో ఫుల్ స్క్రీన్‌లో చూసి "గళ్లగళ్లుగా ఉంది" అని రాశావు. ఆ చుక్కలు పాత పిక్చర్ ట్యూబ్ మానిటర్ల కోసం గీసినవి. వాటి తెర మీద పక్కపక్క చుక్కలు కొంచెం అలుక్కుపోతాయి. నీ తెర మీద చుక్కకి చుక్క కత్తిరించినట్టు కనబడుతుంది. బొమ్మని చిన్న విండోలో పెట్టి, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని చూడు. అప్పుడు 256 రంగుల బొమ్మ పక్కన పెట్టుకుని రాయి. నా మటుకు నాకు ఆ రాత్రి ఆకాశం పదహారు రంగుల్లోనే లోతుగా కనిపిస్తుంది. 256 రంగుల్లో అది అందంగా ఉంటుంది కానీ, అన్నీ చిత్రకారుడే నింపేశాక మన కంటికి పని తగ్గిపోతుంది. ఇది నా అభిప్రాయం. నీది వేరే అయితే నీదే రాయి, కానీ చూసి రాయి.

సీడీ వెర్షన్ గురించి నీ కోపం నాకు అర్థమైంది. మాటలు కుదించేశారు, కొన్ని తిరగరాశారు, పాత్రలు మాట్లాడేటప్పుడు దగ్గరగా కనిపించే ముఖాలు చాలా చోట్ల ఎగిరిపోయాయి, సంగీతం తగ్గింది. నిజమే. కానీ "పాడుచేశారు" అని ఆగిపోతే ఎలా? గొంతుల్ని ఆ డిస్కు మీద పాటల సీడీలో పాటలు పెట్టినట్టే, కుదించకుండా రికార్డు చేసి పెట్టారు. అలాంటి సీడీలో పట్టేది సుమారు 74 నిమిషాలు. ఆటలోని సంభాషణలన్నీ నటులు పూర్తిగా పలికితే అందులో ఇమడవు. కాబట్టి మాటలకి కత్తెర పడింది. తిరగరాసే పనిలో సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్సన్ స్కాట్ కార్డ్ చెయ్యి ఉంది. అంటే ఎవరో గుమాస్తా అడ్డదిడ్డంగా కొట్టేసిన పని కాదు, రాత తెలిసినవాడు కొలత చూసుకుని చేసిన పని. నష్టం నష్టమే. అయినా కారణం తెలిశాక రాసే విమర్శకి వేరే బలం ఉంటుంది. పైగా ఆ గొంతులు కొన్ని చాలా బాగుంటాయి, నీ వ్యాసంలో ఒక్కదాన్ని కూడా మెచ్చుకోలేదు.

ఎఫ్ఎం టౌన్స్ వెర్షన్‌కి నువ్వు ఒకటే లైను ఇచ్చావు, అన్యాయం. ఫుజిత్సు కంపెనీ 1989లో జపాన్‌లో తెచ్చిన కంప్యూటర్ అది, సీడీ డ్రైవ్ దాంతోనే వచ్చేది. 1991లో వచ్చిన ఈ లూమ్‌లో 256 రంగుల బొమ్మలున్నాయి, సంగీతం సీడీ నుంచి వస్తుంది. గొంతులు లేవు కాబట్టి మాటల్ని కత్తిరించాల్సిన అవసరం రాలేదు. ఎవరైనా మొదటిసారి ఆడతామంటే నేను దీన్నే ఆడమంటాను. మిగతా యంత్రాల కోసం చేసినవి, అంటే అమిగా, అటారీ ఎస్టీ, మాక్, టర్బోగ్రాఫ్స్ సీడీ వెర్షన్లు, నీ పట్టికలో ఉన్నంతవరకు చాలు. వాటిని నువ్వు చివరిదాకా ఆడకపోతే వాటి మీద తీర్పులు వద్దు.

సంగీతం దగ్గర నువ్వు ఇంకాస్త నిలబడాలి. ఈ ఆటలో సంచీ లేదు, సామాన్లు లేవు, "తీసుకో, తెరువు, నెట్టు" అనే మాటల పట్టిక కూడా లేదు. బాబిన్ చేతిలో డిస్టాఫ్ అనే కర్ర ఒక్కటే ఉంటుంది. దాని మీద నాలుగు స్వరాలు వాయిస్తే ఒక మంత్రం, వాటినే డ్రాఫ్ట్ అంటారు. మొదట మూడు స్వరాలే పలుకుతాయి, ఆట సాగేకొద్దీ ఎనిమిదీ వస్తాయి. మా అక్కయ్య అప్పట్లో సంగీతం నేర్చుకునేది. పాశ్చాత్య సంగీతంలో సి అంటే మన స అనుకోరా అని తనే చెప్పింది. అలా పెట్టుకుంటే ఆ ఎనిమిదీ అచ్చంగా శంకరాభరణం ఆరోహణ. తెరిచే డ్రాఫ్ట్ ఇ సి ఇ డి, మన లెక్కలో గ స గ రి. దాన్నే తిప్పి రి గ స గ అని వాయిస్తే మూసుకుంటుంది. ఇలా స్వరాలు రాసుకుని ఆడిన తెలుగువాడు చెప్పగలిగిన విషయం ఇది, ఇంగ్లిష్‌లో చదివిన వ్యాసాల్లో నీకు దొరకదు. చాలా డ్రాఫ్ట్‌లు ప్రతి కొత్త ఆటకీ మారిపోతాయి, అంచేత స్నేహితుడి నోట్‌బుక్ చూసి కాపీ కొట్టడం కుదరదు. ఎక్స్‌పర్ట్ స్థాయిలో అయితే ఏ స్వరమో చూపించే వెలుగు కూడా కర్ర మీద కనబడదు, చెవితోనే పట్టుకోవాలి. అలా ఆడినవాళ్లకి ఒక అదనపు దృశ్యం బహుమానంగా చూపిస్తారు. నువ్వు ఒక్కసారైనా అలా ఆడి చూడు. వెనక వినిపించే సంగీతం చైకోవ్‌స్కీ స్వాన్ లేక్. పీసీ స్పీకర్ కీచుగా వాయించినదానికి, ఆడ్‌లిబ్ అనే సౌండ్ కార్డు వాయించినదానికి, రోలాండ్ ఎంటీ-32 అనే సంగీత యంత్రం వాయించినదానికి ఎంత తేడా ఉందో విని రాయి. అవీ వెర్షన్లే కదా!

నీ వ్యాసంలో అస్సలు లేనిది పెట్టె. 1990లో ఆ ఆట కొన్నవాడికి ఫ్లాపీలతో పాటు ఒక ఆడియో క్యాసెట్ వచ్చేది, అందులో సుమారు అరగంట నాటకం. బాబిన్ తల్లి సిగ్నా కథ, ఆ బిడ్డ సంఘంలోకి ఎలా వచ్చాడు, పెద్దలు వాణ్ని ఎందుకు దూరం పెట్టారు అన్నదంతా అక్కడే ఉంది. ఇంకా బుక్ ఆఫ్ ప్యాటర్న్స్ అనే చిన్న పుస్తకం. డ్రాఫ్ట్‌ల కథలు, స్వరాలు పెన్సిల్‌తో రాసుకోవడానికి ఖాళీ చోటు ఉంటాయి. అందులో కొన్ని పేజీలు ఎర్ర జిలటిన్ కాగితం పెట్టుకుంటేనే చదవొచ్చు, దొంగ కాపీలు తీసేవాళ్లకి అడ్డం పడడానికి.

తొంభైల్లో మన హైదరాబాద్‌లో ఈ ఆటలు ఎలా తిరిగేవో నీకు తెలియకపోవచ్చు. కంప్యూటర్ క్లాసులకి వెళ్లే కుర్రాళ్ల జేబుల్లో ఫ్లాపీలు చేతులు మారేవి. క్యాసెట్ లేదు, పుస్తకం లేదు, ఎర్ర కాగితం లేదు. నాకు తెలిసిన చాలామంది బాబిన్‌ని పెంచిన హెచెల్ ఎవరో, ఆవిడకి ఈ పిల్లాడి మీద అంత ప్రేమ ఎందుకో తెలియకుండానే ఆట పూర్తిచేశారు. వాళ్ల లూమ్‌లో తల్లి కథ ఆట మధ్యలో అరకొరగా వస్తుంది. మొదలు తెలియని కథలా ఉంటుంది. అది కూడా ఒక వెర్షనే తమ్ముడూ, ఏ పట్టికలోనూ ఎక్కని వెర్షన్. ఇప్పుడు నలభై, యాభై ఏళ్ల వయసులో ఉన్న అలాంటివాళ్లని వెతికి పట్టుకో, అమీర్‌పేటలో, సికింద్రాబాద్‌లో కావలసినంతమంది దొరుకుతారు. మీరు ఆడినప్పుడు రంగులు ఎలా ఉండేవి, గొంతులు ఉండేవా, డ్రాఫ్ట్‌లు దేని మీద రాసుకున్నారు అని అడుగు. జ్ఞాపకం తప్పొచ్చు, కాబట్టి వాళ్లు చెప్పింది ఆటతో సరిచూసుకో. పాత ఆటల్ని నడిపే స్కమ్‌వీఎం అనే సాఫ్ట్‌వేర్ ఉంటే పాత వెర్షన్లు నీ కంప్యూటర్‌లోనే నడుస్తాయి.

"అసలు వెర్షన్" అన్న మాట నువ్వు చాలా ధీమాగా వాడావు, అక్కడ కొంచెం నిదానించు. కన్యాశుల్కం 1897లో ఒకసారి అచ్చయింది, 1909లో గురజాడే దాన్ని బాగా పెంచి, మార్చి మళ్లీ అచ్చువేశారు. మనం చదివేది, స్టేజీ మీద చూసేది ఆ రెండోదే. అసలుది ఏది అంటే ఏం చెప్తాం? లూమ్ విషయంలో ఇది ఇంకా చిక్కు. బ్రయాన్ మొరియార్టీ అనే రూపకర్త ఉన్నాడు, చిత్రకారులున్నారు, తర్వాత మాటలు మార్చినవాళ్లున్నారు, కొత్త కంప్యూటర్ల కోసం మళ్లీ రంగులు వేసినవాళ్లున్నారు. అంచేత "మొదటి వెర్షన్" అని సంవత్సరంతో సహా రాయి. అది ఎవరూ కాదనలేని మాట.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. ఒకే దృశ్యం తీసుకో, పెద్దల సభ అయితే బాగుంటుంది, హెచెల్ అక్కడే ఉంటుంది, ముఖాలు దగ్గరగా కనిపించే తావులూ ఉంటాయి. దాన్ని 1990 పీసీలో, ఎఫ్ఎం టౌన్స్‌లో, సీడీలో వరసగా ఆడి, ఎవరు ఏమన్నారో అక్షరం అక్షరం రాసుకో. ఎక్కడ మాట తగ్గింది, ఎక్కడ సంగీతం ఆగింది, ఎవరి ముఖం మాయమైంది అన్నది ఆ కాగితం మీదే తేలిపోతుంది. వ్యాసం అక్కడ మొదలుపెట్టు. పట్టికని చివరికి జరుపు. స్క్రీన్‌షాట్ల కింద ఏ వెర్షన్, ఏ సైజులో తీశావన్నది తప్పకుండా రాయి. ఇది అయ్యాక రెండో ప్రతి పంపు, పండక్కి ముందే వస్తే నా పనులు పక్కన పెట్టి చదువుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య