పాత షాండ్లియర్ కొనే ముందు కిందికి దింపించి చూడండి

అమలాపురం దగ్గర తాతగారి మండువా ఇల్లు బాగు చేయిస్తున్నామని, హాల్లోకి ఒక పాత క్రిస్టల్ షాండ్లియర్ చూశామని, అమ్మేవాళ్లు ‘అసలైన బెల్జియం గాజు, నూరేళ్ల పైమాటే’ అంటున్నారని, నమ్మొచ్చా అని అడిగారు కదండీ. సరిగ్గా ఇదే మాట నమ్మి మేము ఆరేళ్ల కిందట పాలకొల్లు ఇంటికి ఒకటి కొన్నాం.

బెల్జియం అన్న పేరుకి మాత్రం ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వకండి. మన వైపు పాత గాజు ఏది కనబడినా బెల్జియమే అంటారు. ఇంగ్లండు సరుకు కూడా చాలా వచ్చింది, బర్మింగ్‌హామ్‌లోని ఆస్లర్ అనే గాజు కంపెనీకి ఆ రోజుల్లో కలకత్తాలోనే షోరూమ్ ఉండేది.

మేము చేసిన తప్పు, సాయంత్రం పూట బల్బులన్నీ వెలిగించి చూపిస్తే ఆ మెరుపు చూసి అడ్వాన్సు ఇచ్చేయడం. ఇంటికి తెచ్చాక అరుగు మీద దుప్పటి పరిచి లోలకులు, అంటే వేలాడే గాజు బిళ్లలు, ఒక్కొక్కటే కడుగుతుంటే మా అత్తయ్య రెండు నా చేతిలో పెట్టి చూడమంది. ఒకటి చల్లగా, బరువుగా ఉంది, సాన పట్టిన అంచు వేలికి తెలుస్తోంది, పైన ఇత్తడి పిన్ను చిలుము పట్టి ఉంది, గోటితో కొడితే సన్నగా మోగింది. రెండోది ఉత్త ప్లాస్టిక్! పక్కన వెంట్రుకంత అచ్చు గీత, కొత్త స్టీలు క్లిప్పు. అలాంటివి పద్నాలుగు తేలాయి. బరువు ఒక్కటే చూసి తేల్చేయకండి, ఇంగ్లండు క్రిస్టల్‌లో సీసం కలుస్తుంది కాబట్టి బరువుంటుంది గానీ బొహీమియా (ఇప్పటి చెక్ దేశం) పాత గాజు చాలావరకు సీసం లేకుండా, కట్టెల బూడిద నుంచి తీసే పొటాష్‌తో చేసిందే, అది కాస్త తేలికే. అచ్చు గీత, పిన్నులు, అంచులు మూడూ కలిపి చూడాలి.

లోలకులు పోతే వెతికి తెచ్చుకోవచ్చు. గాజు కొమ్మలు అలా కాదు. మాది ఎనిమిది కొమ్మలది, ఒకటి విరిగితే జిగురుతో అతికించారు, ఆ పసుపు గీత పగటి వెలుగులో గానీ కనబడలేదు. అడిగితే అమ్మిన సరుకు వాపసు లేదన్నారు. అందుకే పగలు వెళ్లండి, కిందికి దింపించండి, ప్రతి కొమ్మా మొదలు నుంచి చివరి దాకా తడిమి చూడండి. దింపడానికి ఒప్పుకోకపోతే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

వైరింగ్ పాతదైతే మొత్తం తీయించి కొత్తది వేయించండి, ఏళ్లు గడిచేకొద్దీ వైరు మీది పాత తొడుగు పొడిపొడిగా రాలిపోతుంది. ఫ్యాన్ హుక్కుకి మాత్రం వేలాడదీయకండి, టేకు దూలానికి వేరే కొక్కెం కొట్టించాలి.

తర్వాత అన్నయ్యగారు అమెరికా పట్టుకెళ్తారన్నారు కదా, నిజంగా నూరేళ్లు దాటిందైతే 1972 పురావస్తు చట్టం ప్రకారం మనలాంటివాళ్లు దేశం దాటించకూడదు, ఆ సంగతి కొనకముందే ఆయనకు చెప్పండి.